పాత ఇంగ్లీషు మాటలకు అర్థాలు: చెన్నై తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల పాత దస్తావేజులను, వీలునామాలను, ఉత్తరాలను చదివి తెలుగులో చెప్పే పని నేను చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. కాగితాలు తెచ్చేవారు మారుతున్నా సందేహాలు మాత్రం మారడం లేదు కనుక వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబును విడిగా చదువుకోవచ్చు. ఎన్నడూ చూడని మాట ఎదురైతే ఎవరైనా నిఘంటువు తీస్తారు. రోజూ వినే మాటే పాత కాగితంలో వేరే అర్థంతో కూర్చున్నప్పుడు ఎవరూ తీయరు, పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి. అందుకే కింద కొరుకుడు పడని మాటలకంటే అలాంటి తెలిసిన మాటలకే ఎక్కువ చోటిచ్చాను.

## చదవడం మొదలుపెట్టే ముందు

ఒక ఇంగ్లీషు మాట పాతబడిపోయిందని ఎలా తెలుసుకోవాలి?

పెద్ద నిఘంటువులు ఈ సంగతిని గుర్తులతో చెబుతాయి. 1884లో మొదటి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో, పూర్తిగా వాడుక తప్పిన మాటకు ముందు చిన్న బాకు గుర్తు కనిపిస్తుంది. మామూలు సంభాషణలోంచి తప్పుకొన్నా పద్యంలోనో చట్టంలోనో ప్రార్థనలోనో ఇంకా వినిపించే మాటకు 'ఆర్కేయిక్' అని రాస్తారు. ఈ రెండు రకాలతో పెద్ద చిక్కు లేదు. మాట నిక్షేపంగా ఉండి అర్థం మాత్రమే మారిపోయిన మూడో రకంతోనే చిక్కు. రాముడు నారచీరలు కట్టి అడవికి వెళ్ళాడని వింటే మనకు వింతగా అనిపించదు, ఎందుకంటే ఒకప్పుడు చీర అంటే ఆడామగా ఎవరు కట్టినా బట్టేనని మనకు తెలుసు. ఇంగ్లీషులోనూ అంతే. 'మీట్' ఒకప్పుడు ఏ ఆహారమైనా కావచ్చు, 'డీర్' ఏ జంతువైనా కావచ్చు, 'గర్ల్' అంటే మగపిల్లవాడైనా కావచ్చు. 'నైస్' అంటే తెలివితక్కువ అనీ, 'సిల్లీ' అంటే ధన్యమైన అనీ చెప్పుకొన్న రోజులు ఉన్నాయి.

ఫోన్‌లో వెతికితే దొరికే అర్థం సరిపోదా?

చాలాసార్లు సరిపోదు, ఎందుకంటే అక్కడ ఈనాటి వాడుక మొదట కనిపిస్తుంది, మనం మొదటి వరుస చూసి ఆగిపోతాం. ముందు కాగితం మీది సంవత్సరం చూసి, తరువాత అర్థాల జాబితాను చివరి వరకు చదవడం మంచి అలవాటు. భారతదేశంలో ఇంగ్లీషువారు వాడిన మాటలకైతే 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన హాబ్సన్-జాబ్సన్, కచేరీ, శిస్తు వ్యవహారాల మాటలకైతే 1855 నాటి విల్సన్ పదకోశం ఇప్పటికీ అక్కరకు వస్తాయి. బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసినవాడు కనుక హాబ్సన్-జాబ్సన్‌లో మన వైపు మాటలు దండిగా ఉంటాయి. ఓపిక ఉన్నవారికి ఎగ్మూరులో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉండనే ఉంది.

బ్రౌన్ నిఘంటువులో తెలుగు మాట తెలుస్తోంది కానీ ఇంగ్లీషు అర్థమే తెలియడం లేదు. ఏం చేయాలి?

ఈ ప్రశ్న విన్న ప్రతిసారీ నాకు ముచ్చటగా ఉంటుంది. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మన వేపేరిలోనే అచ్చయింది, అందులోని ఇంగ్లీషు కూడా ఆనాటిదే. ఆ రోజుల్లో 'కార్న్' అంటే ఏ ధాన్యమైనా సరే, మొక్కజొన్న అని మాత్రమే కాదు, 'ఫిజిక్' అంటే మందు. తెలుగు మాట నుంచి ఇంగ్లీషుకు వెళ్ళి, ఆ ఇంగ్లీషును ఈనాటి అర్థంలో తీసుకొని మళ్ళీ తెలుగుకు వస్తే బయలుదేరిన చోటికి చేరం. అనుమానం వస్తే 1991లో వచ్చిన గ్విన్ నిఘంటువులో అదే తెలుగు మాట తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టుకొని చూడండి.

## ఇంటి దస్తావేజులు చదివేటప్పుడు

మా ఇంటి పత్రంలో యజమాని 'డిమైజ్' అయినట్టు ఉంది. అంటే ఆయన ఆ రోజున చనిపోయినట్టేనా?

కాదు. ఆ రోజున ఆయన ఇంటిని కౌలుకో అద్దెకో ఇచ్చారని అర్థం. చట్టంలో 'డిమైజ్' అంటే ఆస్తిని మరొకరి అనుభవంలోకి మార్చడం, ముఖ్యంగా లీజుకు ఇవ్వడం. రాజు చనిపోతే రాజ్యం వారసుడికి మారుతుంది కనుక ఆ మార్పుకు ఇదే మాట వాడారు. అలా వాడగా వాడగా మరణమనే అర్థం వచ్చి స్థిరపడింది.

సౌకార్‌పేట నుంచి ఒక అబ్బాయి పసుపు గుడ్డసంచిలో 1931 నాటి పత్రం ఒకటి తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడత పడిన చోటల్లా అక్షరాలు రాలిపోయి వెలుతురు కనిపిస్తోంది. అందులో 'హాత్ డిమైజ్డ్' అన్న చోట అతను పెన్సిలుతో గీత గీసి, పక్కన తెలుగులో 'స్వర్గస్థులైనారు' అని రాసుకొన్నాడు. యజమాని పోతూ పోతూ ఇంటిని తమ ముత్తాతకు ఇచ్చి వెళ్ళాడని ఇంట్లో అందరూ నమ్ముతున్నారట. నిజానికి అది 30 ఏళ్ళ లీజు, కింద యజమాని సంతకం స్పష్టంగా ఉంది. చనిపోయినవాడు సంతకం ఎలా పెట్టాడని వారిలో ఎవరికీ అనుమానం రాలేదు. నేనూ ఈ పనికి కొత్తలో ఒక వీలునామా వ్యాజ్యం కాగితాల్లో ఇదే మాటకు మరణమనే రాసి, వకీలుగారు తిప్పి పంపితే దిద్దుకొన్నాను.

లీజు 'డిటర్మిన్' అవుతుందని రాశారు. నిర్ణయించడమేనా?

ముగియడం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ శీర్షికలో ఉన్నది ఈ అర్థమే, లీజు ఏయే విధాలుగా ముగిసిపోతుందో ఆ సెక్షన్ చెబుతుంది. హద్దు, అంతం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఇది వచ్చింది కనుక ముగింపే దీనికి పాత అర్థం.

'నో ఆల్ మెన్ బై దీజ్ ప్రెజెంట్స్' అని ఉంది. బహుమతులు ఏమైనా ఇచ్చారా?

ఇవ్వలేదు. 'దీజ్ ప్రెజెంట్స్' అంటే ఇప్పుడు మీ ఎదుట ఉన్న ఈ పత్రం. ఈ పత్రం ద్వారా అందరికీ తెలియజేయడమైనది అని ఆ వాక్యానికి అర్థం. దీని పక్కనే సాధారణంగా కనిపించే 'ఇన్‌డెంచర్' అనే మాట వెనుక మంచి సంగతి ఉంది. ఒకే తోలు కాగితం మీద ఒప్పందాన్ని రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్ళలాగా వంకరటింకరగా కోసి, చెరొక ముక్క తీసుకొనేవారు. తగవు వస్తే రెండు ముక్కలనూ కలిపి చూసేవారు, పళ్ళు పళ్ళు కలవకపోతే ఒకటి దొంగ పత్రం. ఆ మాటలో ఉన్నది దంతం అనే అర్థమున్న లాటిన్ మాటే.

'మెస్విజ్', 'టెనమెంట్స్', 'హెరిడిటమెంట్స్', 'అపర్టనెన్సెస్' అని వరసగా ఉన్నాయి. ఒక్కొక్కదానికీ వేరువేరు అర్థం రాయాలా?

కోర్టు కోసం అనువదిస్తున్నట్టయితే రాయాలి, ఇంట్లోవారికి చెప్పడానికైతే అక్కరలేదు. 'మెస్విజ్' అంటే పెరడు, కొట్టాలు, చుట్టూ ఉన్న స్థలంతో సహా ఇల్లు. 'టెనమెంట్' అంటే ఒకరి అనుభవంలో ఉండగలిగే స్థిరాస్తి ఏదైనా, ఇప్పుడు మనం అనుకొనే ఇరుకు వాటా ఇల్లు కాదు. 'హెరిడిటమెంట్' అంటే వారసులకు సంక్రమించగల ఆస్తి. 'అపర్టనెన్సెస్' అంటే ఆస్తిని అంటిపెట్టుకొని వచ్చే దారి, నీరు వంటి హక్కులు. ఏదీ వదిలిపోకూడదన్న జాగ్రత్తతో వకీళ్ళు ఇలా పేర్చుకొంటూ పోయారు. మన పాత దానపత్రాల్లో నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యములనే అష్టభోగములతో సహా అని రాసేవారు గదా, ఉద్దేశం అదే. మనది వింటే మంత్రంలా ఉంటుంది, వారిది కిరాణా చీటీలా ఉంటుంది, అంతే తేడా.

పాత మద్రాసు లెక్కల్లో ఇల్లు ఇన్ని 'పగోడాల'కు కొన్నట్టు ఉంది. గుడికీ ఇంటికీ ఏం సంబంధం?

ఇక్కడ పగోడా అంటే గుడి కాదు, బంగారు నాణెం. మనవారు వరహా అన్నది దీన్నే. మద్రాసు లెక్కలో 80 క్యాష్ ఒక ఫణం, 42 ఫణాలు ఒక పగోడా. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో వెండి రూపాయి ప్రమాణ నాణెమైనప్పుడు ఒక పగోడాకు మూడున్నర రూపాయలు కట్టారు. ఆ ప్రకారం మీ కాగితంలో 3 పగోడాల 21 ఫణాలు అని ఉంటే అది మూడున్నర పగోడాలు, అంటే 12 రూపాయల 4 అణాలు. క్యాష్ దగ్గర కూడా జాగ్రత్తపడాలి. ఈ నాణెం పేరు మన కాసు నుంచి పోర్చుగీసువారి నోట మారి వచ్చింది. నగదు అనే అర్థంలో మనం ఇప్పుడు అనే 'క్యాష్' డబ్బు పెట్టె అనే అర్థమున్న ఐరోపా మాట నుంచి వచ్చింది. రాతలో రెండూ ఒకటే, పుట్టుకలు వేరు.

'గ్రౌండ్', 'కానీ' అని స్థలం కొలతలు ఉన్నాయి. ఎంత?

గ్రౌండ్ 2,400 చదరపు అడుగులు, చెన్నైలో ఇప్పటికీ ఈ లెక్కతోనే అమ్ముతారు. ఇంగ్లీషులో 'కానీ' అని రాసినది తమిళుల కాణి. అది 24 గ్రౌండ్లు, అంటే 57,600 చదరపు అడుగులు, ఎకరం కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ.

మా పూర్వీకుణ్ణి 'జెంటూ' అన్నారు. ఇది కులమా, తిట్టా?

రెండూ కాదు. మద్రాసు కాగితాల్లో జెంటూ అంటే చాలావరకు తెలుగువాడు, లేదా తెలుగు భాష. అన్యమతస్థుడు అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి ఇది వచ్చింది. 1816లో ఇక్కడ అచ్చయిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణం, జెంటూ అని సామాన్యంగా పిలిచే తెలుగు అని తన పేరులోనే చెప్పుకొంది. అయితే ఊరు మారితే అర్థం మారుతుంది. 1776లో హాల్‌హెడ్ వెలువరించిన జెంటూ ధర్మశాస్త్రంలో ఆ మాటకు హిందువులని అర్థం, తెలుగుతో సంబంధం లేదు. కనుక కాగితం బెంగాల్‌దా, మద్రాసుదా అని ముందుగా చూడాలి.

'మలబార్' విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. మద్రాసు పాత రాతల్లో ఈ మాట తరచుగా తమిళులను, తమిళాన్ని చెబుతుంది. 1779లో వేపేరిలో అచ్చయిన ఫాబ్రిషియస్ మలబారు-ఇంగ్లీషు నిఘంటువు తమిళ నిఘంటువే. జార్జిటౌనులో తమ పొరుగున ఒక 'మలబార్ వర్తకుడు' ఉండేవాడని చదివి, కేరళలో అతని వంశంవారిని వెతకాలని బయలుదేరబోయిన పెద్దాయనను నేను ఆపవలసి వచ్చింది.

కంపెనీ కాలపు కాగితంలో ఫలానా దొర 'రైటర్' అని ఉంది. ఏం రాశాడు?

లెక్కలు, ఉత్తరాల నకళ్ళు రాశాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో రైటర్ అంటే అడుగుమెట్టు గుమాస్తా. ఆపైన ఫ్యాక్టర్, ఆ తరువాత జూనియర్ మర్చంట్, సీనియర్ మర్చంట్ ఉండేవారు. రాబర్ట్ క్లైవ్ 1744లో మద్రాసులో దిగినది రైటర్‌గానే. ఫ్యాక్టర్ అంటే కంపెనీ తరఫున సరుకు కొని అమ్మే ప్రతినిధి, అతను ఉండే వర్తక స్థావరం ఫ్యాక్టరీ, అక్కడ యంత్రాలేవీ ఉండవు. వారికీ ఊరివారికీ నడుమ బేరాలు నడిపిన దుబాష్ మన ద్విభాషి, దుబాసి. దానికి మధ్యవర్తి, షరాబు, హామీదారు అనే అర్థాలు కూడా కలుపుకొని చదవాలి, ఎందుకంటే దుబాసీల పని ఒక్క అనువాదంతో తీరేది కాదు.

ఉత్తరంలో '12వ ఇన్‌స్ట్', '28వ అల్ట్' అని ఉంది. ఏ నెల?

ఇన్‌స్ట్ అంటే ఉత్తరం రాసిన నెలే, అల్ట్ అంటే దాని ముందటి నెల, ప్రాక్స్ అంటే వచ్చే నెల. ఉత్తరం తలపై తేదీ చిరిగిపోతే నెల తెలుసుకొనే దారి ఉండదు, కవరు మీది తపాలా ముద్ర చూడండి.

మా బంధువుకు 'ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్' అని పాత తీర్పులో ఉంది. రవాణా శాఖలో ఉద్యోగమా?

అయ్యో, కాదు. అది ద్వీపాంతరవాస శిక్ష. సముద్రం దాటించి, 1858 తరువాత ముఖ్యంగా అండమాన్‌కు పంపేవారు. 1860 నాటి శిక్షాస్మృతిలో ఉన్న ఈ మాట స్థానంలో 1956 జనవరి 1 నుంచి యావజ్జీవ కారాగారం వచ్చింది. దీన్ని ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించే ముందు ఒకసారి ఆలోచించుకోండి.

సెయింట్ జార్జి కోటలోని చర్చి రాళ్ళ మీద 'రెలిక్ట్ ఆఫ్' అని ఉంటుంది. శిథిలమా?

వితంతువు. 1680లో ప్రతిష్ఠించిన సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో పరిచిన సమాధి రాళ్ళ వంటి పాత రాతల్లో, విడిచిపోబడినది అనే అర్థంతో ఈ మాట భర్త పేరుకు ముందు వస్తుంది. ఈనాటి ఇంగ్లీషులో ఒక మనిషిని అలా అనడం మర్యాద కాదు.

## పాత పుస్తకాలు చదివేటప్పుడు

'దౌ' అంటే 'మీరు' కంటే ఎక్కువ గౌరవమా? దేవుణ్ణి అలాగే పిలుస్తారు కదా?

సరిగ్గా తలకిందులు. 'దౌ' అంటే నువ్వు, 'యే', 'యు' అంటే మీరు. మొదట ఏకవచనం, బహువచనం అన్న తేడా మాత్రమే ఉండేది. తరువాత ఫ్రెంచివారి మర్యాద చూసి పెద్దలను ఒక్కరినైనా బహువచనంలో పిలవసాగారు. క్రమంగా అందరూ అందరినీ 'యు' అనడంతో 'దౌ' ప్రార్థనల్లోను, పద్యాల్లోను, కొన్ని పల్లె యాసల్లోను మిగిలిపోయింది. గుడిలోనే వినిపిస్తుంది కనుక అది ఘనమైన మాట అని ఇప్పటి ఇంగ్లీషువారు కూడా పొరబడతారు. ఈ ఒక్క చోట తెలుగువాడికి వారికంటే సులువు. మనం కలెక్టరును మీరు అంటాం, వేంకటేశ్వరస్వామిని నువ్వే దిక్కు అంటాం, అమ్మను నువ్వు అంటాం. పాత ఇంగ్లీషు నాటకాల్లో యజమాని నౌకరును 'దౌ' అంటే చిన్నచూపు, ప్రియుడు ప్రియురాలిని అంటే చనువు. 'యు' అనుకొంటున్న ఇద్దరిలో ఒకరు ఉన్నట్టుండి 'దౌ'లోకి దిగితే, కోపమో ప్రేమో ఏదో ఒకటి ముదిరిందని గుర్తుపట్టాలి. అనువాదంలో నువ్వు, మీరు అని ఆ మెట్టును ఉన్నది ఉన్నట్టు దింపవచ్చు.

రోమియో ఎక్కడున్నావని జూలియట్ వెతుకుతోంది కదా, ఆయన కిందనే ఉన్నాడేమిటి?

'వేర్‌ఫోర్' అంటే ఎక్కడ కాదు, ఎందుకు. శత్రువుల ఇంటి పేరుగల రోమియోవి నువ్వెందుకయ్యావని ఆమె బాధ.

బైబిల్లో 'ప్రివెంట్', 'సఫర్', 'లెట్' అనే మాటలు అర్థానికి అతకడం లేదు. అచ్చుతప్పులా?

తప్పులు కావు, ఆ ఇంగ్లీషు అనువాదం వెలువడిన 1611 నాటి అర్థాలు. అప్పుడు 'ప్రివెంట్' అంటే ముందుగా వెళ్ళడం. 119వ కీర్తన 147వ వచనంలో భక్తుడు తెల్లవారడాన్ని ఆపలేదు, తెల్లవారక ముందే లేచాడు. 'సఫర్' అంటే అనుమతించడం, చిన్నపిల్లలను నా దగ్గరికి రానివ్వండి అన్న చోట ఉన్నది ఆ మాటే.

'లెట్' మరీ చిత్రమైనది. రానివ్వడం అనే 'లెట్' ఒకటి, అడ్డగించడం అనే 'లెట్' మరొకటి, రెండు వేరువేరు మాటలు కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చి కూర్చున్నాయి. అడ్డగించే 'లెట్' చచ్చిపోయిందనుకొంటే మీ బీరువాలోని పాస్‌పోర్టు తీసి చూడండి. రాష్ట్రపతి పేరున ఉన్న అభ్యర్థనలో, దీన్ని కలిగినవారిని 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' వెళ్ళనివ్వాలని ఉంటుంది. అంటే ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా. మీనంబాక్కంలో విమానం ఎక్కే ప్రతివాడి సంచిలోనూ ఈ పాత మాట ఒకటి ప్రయాణం చేస్తోంది.

పాత నవలలో ఇద్దరూ అందరి ఎదుట 'మేక్ లవ్' చేస్తున్నారని ఉంది. పిల్లల చేత చదివించవచ్చా?

చదివించవచ్చు. పందొమ్మిదో శతాబ్దపు నవలల్లో అది ప్రేమగా మాట్లాడి మనసు గెలుచుకోవడం మాత్రమే. అలాగే 'ఇంటర్‌కోర్స్' అంటే రాకపోకలు, లావాదేవీలు. 'కండిసెన్షన్' ఇప్పుడు నిందగా మారింది గాని, ఒకప్పుడు గొప్పింటివారు బెట్టు లేకుండా చిన్నవారితో కలిసిమెలిసి ఉండటాన్ని మెచ్చుకొనే మాట.

పాత అచ్చులో 'ఎస్' ఉండవలసిన చోట 'ఎఫ్' ఎందుకుంది?

అది పొడుగు 'ఎస్', చూపుకు మాత్రమే 'ఎఫ్'. 1800 ప్రాంతంలో అచ్చులోంచి తప్పుకొంది. దుకాణాల బోర్డుల మీద కనిపించే 'యే ఓల్డ్' లోని 'యే' కూడా ఇలాంటిదే. 'ద' ధ్వనికి ఉన్న పాత అక్షరం 'వై' లాగా కనిపించడం వల్ల వచ్చిన రూపం అది, పలకవలసింది 'ది' అనే.

## మనం రాసేటప్పుడు

'డూ ది నీడ్‌ఫుల్' అని రాస్తే మా ఆఫీసులో విదేశీయులు నవ్వుతున్నారు. తప్పా?

తప్పు కాదు, పాతది. బ్రిటన్‌లో ఒకప్పుడు మామూలుగా రాసిన మాట, అక్కడ వాడుక తప్పినా మన కచేరీల్లో నిలిచింది. ఊళ్ళోవారికి రాసేటప్పుడు నిస్సంకోచంగా వాడండి. అమెరికాకు రాసేటప్పుడు మాత్రం ఏ పని ఎప్పటికి కావాలో విడమరచి రాయడం మేలు. 'ఫార్ట్‌నైట్' కూడా అక్కడ చాలామందికి అర్థం కాదు. పద్నాలుగు రాత్రులన్న మాట అది, మన పక్షానికి దగ్గర. వారానికి 'సెనైట్', అంటే ఏడు రాత్రులు, అనే మాట కూడా ఉండేది, అది ఎక్కడా మిగల్లేదు.

పాత ఇంగ్లీషును తెలుగులోకి మార్చేటప్పుడు గ్రాంథికంలో రాయాలా?

నా అభిప్రాయంలో, మూలం రాసిన నాటికి ఆ మాట పాతదా అన్నది చూసి నిర్ణయించాలి. 1780లో ఒక గుమాస్తా ఇంటికి రాసిన ఉత్తరం ఆయనకు మామూలు భాషే, దాన్ని గ్రాంథికంలో పెడితే ఆయన ఎన్నడూ లేని బిగువుతో మాట్లాడతాడు. దస్తావేజు సంగతి వేరు. 'విట్నెసెత్' అన్న మాట రాసిన రోజుకే పాతది, కావాలని పాత పద్ధతిలో రాసినది, కనుక అక్కడ నేను మన పాత రిజిస్ట్రేషను కాగితాల పద్ధతిలో 'తెలియజేయునదేమనగా' అని రాస్తాను. 'డిమైజ్'కు మాత్రం ఏ అలంకారమూ పెట్టకుండా 'లీజుకు ఇచ్చిరి' అని రాసి, కింద ఒక గీత గీస్తాను.